గట్టి వెలుగుకే దారి

కంటిశుక్లం తీయించుకుని ఇంటికి వచ్చిన అవ్వలనూ తాతలనూ మీరు చూసే ఉంటారు. కొద్ది రోజులు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని నీడపట్టున కూర్చుంటారు. ఆ తరువాత బియ్యంలో రాళ్ళు తామే ఏరుకుంటారు. బస్సు మీది ఊరి పేరు తామే చదువుకుంటారు. అయితే వారిలో కొందరికి కొన్ని నెలలకో, కొన్ని ఏళ్ళకో చూపు మళ్ళీ మసకబారుతుంది. "శుక్లం మళ్ళీ వచ్చింది, ఇక ఈ కన్ను ఇంతే" అని దిగులుపడి ఆసుపత్రికి పోకుండా ఊరుకునేవారూ ఉంటారు.

నిజానికి అది శుక్లం కాదు. మన కంటిలోని కటకం ఒక పలుచని సంచిలో ఉంటుంది. శస్త్రచికిత్సలో ఆ సంచిని ముందువైపు తెరిచి, మసకబారిన కటకాన్ని తీసివేసి, దాని చోట కృత్రిమ కటకాన్ని అమరుస్తారు. సంచి వెనుకపొరను మాత్రం అలాగే ఉంచుతారు. కొత్త కటకానికి అదే ఆధారం. సంచిలో మిగిలిపోయిన కొన్ని కణాలు క్రమంగా పెరిగి ఆ పొర మీదికి పాకితే వెలుగుకు అడ్డం వస్తుంది. ఆ పొర ఎంత పలుచనిదంటే, దాని మందం తలవెంట్రుక మందంలో సుమారు ఇరవయ్యో వంతు మాత్రమే. దానికి ముందు కొత్త కటకం ఉంది. వెనుక గుజ్జువంటి ద్రవం, ఆ వెనుక నేత్రపటలం ఉన్నాయి. వీటిలో దేనికీ దెబ్బ తగలకుండా ఆ పొర నడుమ చిన్న కిటికీ తెరవాలి. కత్తి పెట్టకుండా, కన్ను కోయకుండా వైద్యులు ఈ పనిని కొద్ది నిమిషాలలో చేస్తున్నారు. రోగి కుర్చీలో కూర్చునే ఉంటాడు. అదే రోజు ఇంటికి వెళ్తాడు. ఇక్కడ కత్తి చేసే పనిని లేసరు వెలుగు చేస్తుంది.

ఈ వెలుగు కంటిలోకి ధారగా పోదు. చిన్న చిన్న ముక్కలుగా పోతుంది. ఒక్కొక్క ముక్కను స్పందం అంటారు. ఒక స్పందంలోని శక్తి 2 మిల్లీజౌళ్ళు అనుకుందాం. ఒక గ్రాము బరువును జానెడు ఎత్తుకు లేపడానికి పట్టే శక్తి ఇంతే. ఇంత కొద్ది శక్తి పొరను ఎలా చీల్చగలదు? అది ఖర్చయ్యే కాలంలోనే కిటుకు ఉంది. ఆ స్పందం నిలిచేది 4 నానోసెకన్లు. సెకనును నూరు కోట్ల భాగాలు చేస్తే ఒక భాగం నానోసెకను. శక్తిని కాలంతో భాగిస్తే సామర్థ్యం వస్తుందని మీరు భౌతికశాస్త్రంలో చదువుకున్నారు కదా! 0.002 జౌళ్ళను 4 నానోసెకన్లతో భాగించి చూడండి. 5 లక్షల వాట్లు వస్తుంది. ఈ సామర్థ్యమంతా మిల్లీమీటరులో నూరో వంతు వెడల్పున్న చుక్క మీద పడుతుంది. అక్కడి అణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోయి చిన్న మెరుపు పుడుతుంది, పొర చిట్లుతుంది. చుక్కను దాటిన వెలుగు విచ్చుకుని పలుచబడుతుంది కనుక నేత్రపటలానికి హాని ఉండదు.

అదే 2 మిల్లీజౌళ్ళను ఒక సెకను పాటు నింపాదిగా పంపితే పొరకు ఏమీ కాదు. మేకును గోడకు ఆనించి బొటనవేలితో రోజంతా నొక్కినా దిగదు, సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే దిగుతుంది. వెలుగు విషయం కూడా అంతే. 1980 ప్రాంతంలో పారిస్‌లో డానియెల్ ఆరోన్-రోసా అనే వైద్యురాలు, స్విట్జర్లాండులోని బెర్న్ నగరంలో ఫ్రాంజ్ ఫాంక్‌హౌసర్ అనే వైద్యుడు ఈ చికిత్సకు బాట వేశారు.

మదురైకి ఈ కథతో దగ్గరి సంబంధం ఉంది. ఎట్టయపురం దగ్గర వడమలాపురం అనే నల్లరేగడి పల్లెలో 1918లో గోవిందప్ప వెంకటస్వామిగారు జన్మించారు. బడిలో కాగితం, పెన్సిలు లేని రోజులవి. పిల్లలు ఏటి ఇసుక తెచ్చి పరిచి దాని మీద అక్షరాలు దిద్దేవారు. ఆయన మదురైలోని అమెరికన్ కళాశాలలో రసాయనశాస్త్రం, మద్రాసులో వైద్యం చదివారు. కీళ్ళవాతంతో చేతివేళ్ళు వంకరపోయినా ఆ వేళ్ళతోనే లక్షకు పైగా కంటి శస్త్రచికిత్సలు చేశారు. ప్రభుత్వోద్యోగం నుంచి విశ్రాంతి తీసుకున్న 1976లో 11 పడకలతో మదురైలో అరవింద కంటి ఆసుపత్రిని ప్రారంభించారు. 1992లో దానికి అనుబంధంగా అరోలాబ్ అనే కర్మాగారం మదురైలోనే వెలసింది. అంతవరకు విదేశాల నుంచి వచ్చే కృత్రిమ కటకాల ధర పేదలకు అందేది కాదు. అరోలాబ్ వాటిని ఆ ధరలో చిన్న భాగానికే తయారు చేసి ఇచ్చింది. కోయంబత్తూరులో అరవింద ఆసుపత్రి 1997లో వచ్చింది. వెంకటస్వామిగారు 2006లో మరణించారు.

కటకం చవకైనకొద్దీ పల్లెల నుంచి వచ్చిన వేలమంది కళ్ళలో అది చేరింది. సంచిని ఉంచి కటకాన్ని అమర్చే పద్ధతి పెరిగింది కనుక వెనుకపొర మసకబారిన కళ్ళూ పెరిగాయి, వాటిని బాగుచేసే లేసరు అవసరమూ పెరిగింది. ఒక మంచి పని వెనుక ఇంకొక పని కాచుకుని ఉండటం శాస్త్రంలో మామూలే.

అమెరికన్ కళాశాల పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. 1928లో సి. వి. రామన్‌గారితో కలిసి కాంతి పరిక్షేపణం మీద పనిచేసిన కె. ఎస్. కృష్ణన్‌గారు కూడా ఆ కళాశాలలోనే చదివారు. తిరుచ్చి దగ్గర పుట్టిన రామన్‌గారి బాల్యం విశాఖపట్నంలో గడిచింది. కాంతిని చదివిన పెద్దలకు మన రెండు భాషల ఊళ్ళూ సొంత ఊళ్ళే.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. వెలుగును 4 నానోసెకన్ల ముక్కగా తరిగేది ఏది? చేతితో మీట వేసి తీయడం కుదిరే పని కాదు. విద్యుత్తుతో నడిచే వేగమైన మీటలు ఉన్నాయి, కాని వాటికి పెద్ద సరంజామా కావాలి. ఇంతకంటె తేలికైన దారి ఒకటి ఉంది. వెలుగు తన తలుపును తానే తెరుచుకునేట్లు చేయడం. అలా తెరుచుకునే తలుపు పేరు సంతృప్త శోషకం. ఇంగ్లీషులో సాచురబుల్ అబ్సార్బర్ అంటారు. నీటిలో ఉప్పు కరిగించుకుంటూ పోతే ఒక దశలో ఇక కరగదు, అది సంతృప్త ద్రావణం. అలాగే కొన్ని పదార్థాలు వెలుగును కొంతవరకే పీల్చుకుంటాయి. ఆ పైన వచ్చిన వెలుగును వదిలేస్తాయి.

దీనిని మన పొలాలలోనే చూడవచ్చు. కోయంబత్తూరు చుట్టూ, కోవిల్‌పట్టి చుట్టూ మన పూర్వులు వచ్చి దున్నుకున్న నేలల్లో నల్లరేగడి చాలా ఉంది. ఊళ్ళో కరిసల్ అంటే అందరికీ తెలుస్తుంది. ఇడైచెవల్‌లో తెలుగు ఇంట పుట్టి తమిళంలో రాసిన కి. రాజనారాయణన్‌గారి కథలు పుట్టింది ఈ నేల మీదనే. వేసవిలో ఎండి నెరెలిచ్చిన మట్టికాలువలోకి బావి నీరు వదలండి. సన్నని ధార అయితే కాలువ పొడవునా ఇంకిపోయి మడిదాకా రాదు. నిండు ధార అయితే మొదటి నీరు నేలను తడిపి నింపేస్తుంది, వెనుక నీరు జారిపోయి మడిని చేరుతుంది. నేల అదే. సన్నధారను మింగింది, నిండుధారకు దారి ఇచ్చింది.

శోషకంలో నేల చేసే పనిని ఎలక్ట్రాన్లు చేస్తాయి. కింది శక్తిస్థాయిలో ఉన్న ఎలక్ట్రాను ఒక కాంతికణాన్ని మింగి పై స్థాయికి పోతుంది. బలహీనమైన వెలుగు వస్తే మింగడానికి ఎలక్ట్రాన్లు కావలసినన్ని ఉంటాయి, వెలుగు అక్కడే ఆగిపోతుంది. బలమైన వెలుగు ఒక్కసారిగా వస్తే దాని ముందుభాగమే ఎలక్ట్రాన్లను పైకి పంపేస్తుంది. మింగేవారు మిగలరు. వెనుక వచ్చే వెలుగు గాజులోనుంచి పోయినట్లు పోతుంది. కాలువతో పోలిక ఇక్కడివరకే. తడిసిన రేగడి మళ్ళీ ఎండటానికి రోజులు పడుతుంది. మంచి శోషకంలో ఎలక్ట్రాన్లు సెకనులో లక్షకోటవ వంతు కాలంలోనే కిందికి దిగి, తలుపును మళ్ళీ మూసేస్తాయి.

కంటి వైద్యానికి వాడే చాలా లేసర్లలో ఈ తలుపు క్రోమియం కలిపిన చిన్న స్ఫటికం. లేసరులో రెండు అద్దాల నడుమ వెలుగు అటూ ఇటూ తిరుగుతూ బలపడాలి. దారిలో ఈ స్ఫటికం ఉంటే మొదట పుట్టిన బలహీనమైన వెలుగును అది మింగేస్తుంది. వెలుగు బయటికి పోలేక, లోపల శక్తి చెరువులో నీరులా పేరుకుంటుంది. చివరికి వెలుగు శోషకాన్ని నింపగలిగినంత బలపడిన క్షణంలో తూము ఎత్తినట్లు స్ఫటికం పారదర్శకమవుతుంది. పేరుకున్న శక్తి అంతా ఒకే స్పందంగా దూకుతుంది. శక్తి ఖాళీ కాగానే తూము మళ్ళీ పడుతుంది.

నానోసెకను మనకు చిన్నదిగానే కనిపిస్తుంది. కాని కొన్ని పనులకు అది చాలా పెద్దది. అంత కాలంలో వేడి చుట్టుపక్కలకు పాకుతుంది, తెగిన చోటు అంచు చిట్లుతుంది. ఇంకా వెయ్యి రెట్లు, పదివేల రెట్లు చిన్న స్పందం కావాలి. అందుకు సరిపడిన చోటు గాజు తంతువు.

తంతు లేసరును గురించి కొంచెం తెలుసుకోవాలి. 1960లో అమెరికాలో మైమన్ కెంపు కడ్డీతో మొదటి లేసరును వెలిగించాడు. ఆ తరువాత కొద్ది కాలానికే ఎలియాస్ స్నిట్జర్ అనే శాస్త్రజ్ఞుడు సన్నని గాజు తంతువునే లేసరుగా పనిచేయించవచ్చని చూపించాడు. టెలిఫోను మాటలను మోసే దృశా తంతువు వంటిదే ఇది కూడా. అయితే నడుమ గాజులో ఎర్బియం వంటి అరుదైన మూలకాన్ని కొద్దిగా కలుపుతారు. దానికి మరొక చిన్న లేసరు నుంచి శక్తిని అందిస్తే తనలోనుంచి పోయే వెలుగును అది పెంచుతుంది. అద్దాలు కూడా అక్కరలేదు. తంతువు రెండు కొసలనూ కలిపి ఉంగరంలా చేస్తే వెలుగు అందులో గిర్రున తిరుగుతూ ఉంటుంది. చుట్ట చుట్టి డబ్బాలో పెట్టవచ్చు. దుమ్ము పడదు, అద్దం కదిలిపోదు.

పదిమీటర్ల తంతువుతో చేసిన ఉంగరం తీసుకోండి. గాజులో వెలుగు వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. ఒక చుట్టు తిరగడానికి 50 నానోసెకన్లు పడుతుంది. అంటే సెకనుకు 2 కోట్ల చుట్లు. ఈ దారిలో ఒక చోట సంతృప్త శోషకాన్ని పెడదాం. మొదట వెలుగు ఒకే తీరుగా ఉండదు, చెరువు మీది అలల్లాగా ఇక్కడ కొంచెం ఎక్కువ, అక్కడ కొంచెం తక్కువ. ఎక్కువగా ఉన్న మిట్టకు శోషకం తక్కువ సుంకం వేస్తుంది, తక్కువగా ఉన్న పల్లాలకు ఎక్కువ సుంకం వేస్తుంది. ఎర్బియం ఇచ్చే బలం మాత్రం అందరికీ కలిపి ఒకటే మూట. ఒక చుట్టులో తేడా అతి స్వల్పం. కాని వేల చుట్లు తిరిగేసరికి, అంటే సెకనులో వెయ్యో వంతు గడవకముందే, పల్లాలన్నీ ఎండిపోయి ఒక్క మిట్టే మిగులుతుంది. ఉంగరంలోని వెలుగంతా ఆ ఒక్క స్పందంలోకి చేరుతుంది. తంతువులోని గాజు కూడా స్పందాన్ని ఒకవైపు సాగదీస్తూ, ఇంకొకవైపు బిగిస్తూ దానికి తుది రూపం ఇస్తుంది.

ఆ స్పందం అర పికోసెకను ఉందనుకోండి. నానోసెకనులో వెయ్యో వంతు పికోసెకను. సెకనుకు 2 కోట్ల స్పందాలు వచ్చినా, వెలుగు నిజంగా వెలిగే కాలం అంతా కలిపితే సెకనులో లక్షో వంతే. మిగిలిన కాలమంతా చీకటి! అందువల్ల సగటున 10 మిల్లీవాట్లు మాత్రమే ఇచ్చే బుల్లి లేసరు, స్పందం వెలిగే ఆ కాస్త సేపు 1000 వాట్ల బలంతో వెలుగుతుంది. ఈ లెక్కను మీరే ఒకసారి చేసి చూడండి. చదివి ఒప్పుకోవడం కంటె చేసి ఒప్పుకోవడం మేలు.

మరి తలుపు దేనితో చేయాలి? 1966లో డి మరియా, ఆయన సహచరులు రంగుద్రావణాన్ని శోషకంగా వాడి పికోసెకన్ల స్పందాలను పుట్టించారు. కాని రంగు వెలుగుకు వెలిసిపోతుంది, మాటిమాటికీ మార్చాలి. 1992లో ఉర్సులా కెల్లర్ అనే శాస్త్రజ్ఞురాలు అర్ధవాహకపు పలుచని పొరలను ఒకదాని మీద ఒకటి పేర్చి, అద్దమూ శోషకమూ ఒకటే అయిన పలకను తయారుచేసింది. చాలా మంచి పరికరం, ఇప్పటికీ ఎన్నో యంత్రాలలో అదే ఉంది. అయితే ఆ పొరలను శూన్యపు గదులలో, ఎంతో ఖరీదైన యంత్రాలతో, అణువు వెంట అణువుగా పెంచాలి. ఒక పలక ఒక రంగు వెలుగుకే సరిపోతుంది.

ఇక్కడ నానోపదార్థాలు రంగంలోకి వచ్చాయి. మీటరును నూరు కోట్ల భాగాలు చేస్తే ఒక భాగం నానోమీటరు. మన తలవెంట్రుక మందం సుమారు 80,000 నానోమీటర్లు. 1991లో జపాను శాస్త్రజ్ఞుడు సుమియో ఇజిమా కార్బన్ నానోగొట్టాలను వివరించి లోకం దృష్టికి తెచ్చాడు. ఒకే పొర ఉన్న గొట్టం అడ్డుకొలత ఒకటి రెండు నానోమీటర్లు. దాని అడ్డుకొలతను బట్టి అది ఏ రంగు వెలుగును మింగుతుందో నిర్ణయమవుతుంది. ఎర్బియం లేసరు వెలుగుకు సుమారు 1.2 నానోమీటర్ల గొట్టం సరిపోతుంది. 2004 నాటికి జపానులో శాస్త్రజ్ఞులు ఈ గొట్టాలనే తలుపుగా పెట్టి తంతు లేసరును స్పందింపజేశారు.

తయారీ చూస్తే వంటింటి పనిలా ఉంటుంది. గొట్టాల మసిని సబ్బువంటి పదార్థం కలిపిన నీటిలో వేసి, చెవికి వినబడని ధ్వనితరంగాలతో అదరగొట్టి విడదీస్తారు. దానిని జిగురువంటి ప్లాస్టిక్ ద్రావణంలో కలిపి, పళ్ళెంలో పలుచగా పోసి ఆరబెడతారు. అప్పడంలా ఎండిన ఆ పొర నుంచి మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల ముక్కను కోసి, రెండు తంతువుల కొసల నడుమ పెట్టి బిగిస్తారు. తలుపు సిద్ధం. శూన్యపు గది అక్కరలేదు.

2004లోనే ఆండ్రీ గైమ్, కాన్‌స్టాంటిన్ నొవొసెలొవ్ అనే ఇద్దరు గ్రాఫైటును అతుకుడు టేపుతో ఒలిచి ఒలిచి, ఒక్క అణువు మందమున్న పొరను వేరుచేసిన సంగతి ప్రకటించారు. మీ పెన్సిలులో ఉన్నది గ్రాఫైటే. ఆ పొర పేరు గ్రాఫీన్. 2010లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. మూడువంతుల నానోమీటరులో సగమైనా లేని ఆ పొర తనమీద పడ్డ వెలుగులో 2.3 శాతాన్ని మింగుతుంది. అదీ ఒక రంగునే కాదు, కంటికి కనిపించే వెలుగునూ కనిపించని పరారుణాన్నీ కూడా. నానోగొట్టానికున్న రంగుల పట్టింపు దీనికి లేదు. 2009లో సింగపూరులోనూ ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలోనూ దీనితో తంతు లేసర్లను స్పందింపజేశారు. ఆ వెనుక బిస్మత్ టెల్యూరైడ్, మాలిబ్డినం డైసల్ఫైడ్, నల్ల భాస్వరం ఒకదాని వెంట ఒకటి వచ్చాయి.

ఇక్కడ కొంచెం నిదానించాలి. కొత్త పొడి దొరికిన ప్రతిసారీ దానిని తంతువు కొసన అద్ది, "ఇదిగో స్పందం వచ్చింది" అని ప్రకటించడం తేలిక. అది ఏళ్ళ తరబడి నిలుస్తుందా అన్నది కష్టమైన పరీక్ష. తంతువు నడిగాజు వెడల్పు మిల్లీమీటరులో నూరో వంతే కనుక వెలుగు అంతా ఆ చిన్నచోటనే పడుతుంది. జిగురుపొర వేడెక్కి కాలిపోవచ్చు. నల్ల భాస్వరం గాలిలోని ప్రాణవాయువుకూ తేమకూ చెడిపోతుంది. కొసల నడుమ బిగించడానికి బదులు తంతువును ఒక పక్క అరగదీసి, ఆ పక్కన శోషకాన్ని పూసి, వెలుగు అంచు మాత్రమే తాకేట్లు చేయడం ఒక ఉపాయం. దానితో వేడి తగ్గుతుంది. ఆసుపత్రిలో రోగి కన్ను ముందు పెట్టే యంత్రానికి కొత్తదనం కంటె నమ్మకం ముఖ్యం. కెల్లర్ పలకను నానోపదార్థాలు ఇంకా పూర్తిగా తొలగించలేకపోవడానికి కారణం అదే.

అతిచిన్న స్పందం కంటివైద్యంలోకి వచ్చిన తీరు కూడా వినదగినది. 1990ల తొలినాళ్ళలో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో, జెరార్డ్ మూరూగారి ప్రయోగశాలలో, ఒక విద్యార్థి రక్షణ కళ్ళద్దాలు పైకెత్తిన సమయంలో లేసరు వెలుగు కంటిలో పడింది. ఆ కంటిని పరీక్షించిన యువవైద్యుడు రాన్ కర్ట్జ్ ఆశ్చర్యపోయాడు. నేత్రపటలం మీది గాయాలు అతి చిన్నవి, అంచులు గీత గీసినట్లు ఉన్నాయి, చుట్టుపక్కల ఏమీ చెడలేదు. ఆ స్పందాలు పికోసెకను కంటె కూడా చిన్నవి. వేడి పాకేలోపలే పని అయిపోయింది. ఇలాంటి వెలుగుతో కంటి ముందుభాగాన్ని కోయవచ్చు కదా అన్న ఆలోచన అక్కడ పుట్టింది. ఈనాడు కళ్ళద్దాల అవసరం తప్పించే శస్త్రచికిత్సలో, కంటి ముందున్న పారదర్శకపు పొరను మిల్లీమీటరులో పదో వంతు లోతున పుటలా విడదీసేది ఇలాంటి లేసరే. అందులో తొలి స్పందాన్ని పుట్టించే చోట సంతృప్త శోషకాన్ని వాడటం పరిపాటి. మూరూగారికి, ఆయన శిష్యురాలు డొన్నా స్ట్రిక్లండ్‌గారికి బలమైన అతిచిన్న స్పందాలను తయారుచేసే పద్ధతికి 2018లో నోబెల్ బహుమతి లభించింది.

తంతు లేసరు ఆసుపత్రికే పరిమితం కాలేదు. 1937లో కోయంబత్తూరు పీలమేడులో బాలసుందరం నాయుడుగారు, జి. డి. నాయుడుగారు విద్యుత్ మోటారు తయారుచేసినప్పుడు దాని పేరుపలక మీద అక్షరాలను ఉక్కు అచ్చుతో కొట్టవలసిందే. ఇప్పుడు పంపు మీది అంకెలను తంతు లేసరు చెక్కుతుంది. అయితే ఆ యంత్రాలలో ఎక్కువవాటికి నానోసెకన్ల స్పందం చాలు, దానిని తరిగేది విద్యుత్ మీటే. ఉక్కుకు కొంచెం వేడి తగిలినా ఫరవాలేదు. కంటికి అలా కాదు.

మిషిగన్ విద్యార్థి సంగతి చదివాక మీకు ఒక సందేహం రావాలి. గట్టి వెలుగుకు దారి ఇచ్చే పదార్థం ఉన్నట్లే, గట్టి వెలుగుకు దారి మూసే పదార్థం ఉండదా? ఉంది. 60 కార్బన్ అణువులు బంతిలా కూడిన ఫుల్లెరీన్ అలాంటిది. దాని ఎలక్ట్రాను పై స్థాయికి వెళ్ళాక అక్కడ నుంచి ఇంకా ఎక్కువగా వెలుగును మింగుతుంది. దీపపు వెలుగును పోనిస్తుంది, లేసరు దెబ్బను ఆపుతుంది. దానిని విలోమ సంతృప్త శోషకం అంటారు. హైదరాబాదు విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్ర విభాగంలో ఇలాంటి పదార్థాల మీద చాలాకాలంగా పరిశోధనలు జరిగాయి. అయితే మామూలు వేళల్లో గాజులా తేటగా ఉండి, ఏ రంగు లేసరు తగిలినా ఆ క్షణంలోనే మూసుకునే కళ్ళద్దం ఇంకా ఎవరి చేతికీ రాలేదు. ప్రయోగశాలలో పనిచేసేవారు ఒక్కొక్క రంగు లేసరుకు ఒక్కొక్క జత చొప్పున కళ్ళద్దాలు మార్చుకుంటూనే ఉన్నారు.

ఆలోచించి రాయండి

శుక్లం తీసిన కంటికి మళ్ళీ మసక రావడానికి కారణాన్ని, భయపడుతున్న ఒక అవ్వకు చెబుతున్నట్లుగా మీ ఇంటి తెలుగులో రాయండి.

మట్టికాలువకూ సంతృప్త శోషకానికీ పోలిక ఎక్కడిదాకా సరిపోయింది? ఎక్కడ సరిపోలేదు?

ఉంగరపు తంతువు పొడవు 20 మీటర్లు అయితే సెకనుకు ఎన్ని స్పందాలు వస్తాయి? స్పందపు నిడివి, సగటు సామర్థ్యం మారకపోతే ఒక్కొక్క స్పందపు బలం పెరుగుతుందా, తగ్గుతుందా?

స్పందం, శోషకం, తంతువు, పటలం అనే మాటలకు మీ బడిలోని తమిళ విజ్ఞానశాస్త్ర పుస్తకంలో ఏ మాటలున్నాయో చూసి పక్కపక్కన రాయండి.